గొలుసు వెనక ఆరు అక్షరాలు

పోయినేడాది నా హాస్టల్ ఫీజు కోసం అమ్మ తన గొలుసు అమ్మడానికి తీసుకెళ్లింది. షాపతను మెషీన్‌లో పెట్టి చూసి, "ఇది 22 కాదమ్మా, 18 క్యారెట్లే" అన్నాడు. కొన్నప్పుడు మాత్రం 22 రేటే కట్టింది. అమ్మ ఏం మాట్లాడలేదు. ఆ రాత్రి కూర్చుని నేను ఇదంతా తెలుసుకున్నా.

24 క్యారెట్లంటే మేలిమి బంగారం. మరీ మెత్తగా ఉంటుంది కాబట్టి నగలకి రాగి, వెండి లాంటివి కలుపుతారు. 22 క్యారెట్లలో బంగారం 91.6 శాతం, అందుకే 916 అని ముద్ర. 18లో 75 శాతం, ముద్ర 750. అలాగని 18 నాసిరకం కాదు. గట్టిగా ఉంటుంది, రాళ్లు పొదిగిన ఉంగరాలకి అదే నయం. అవసరానికి అమ్ముకోవచ్చని కొనే గొలుసులు, గాజులకైతే మన ఇళ్లలో 22నే అడుగుతారు. ఏది కొన్నా దాని రేటే కట్టాలి, అంతే.

2023 ఏప్రిల్ 1 నుంచి షాపులో అమ్మే హాల్‌మార్క్ నగ మీద అక్షరాలు, అంకెలు కలిపి ఆరింటి హెచ్‌యూఐడీ కోడ్ ఉండాలి. మన డేటాబేస్‌లో ప్రైమరీ కీ లాంటిది, ఏ నగ కోడ్ దానిదే. బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే స్వచ్ఛత ఎంతో చూపిస్తుంది. బిల్లు కట్టకముందే కొట్టి చూడండి.

అమ్మకి మళ్లీ గొలుసు కొనే రోజు ఆ కోడ్ నేనే కొడతా.