ఏకవర్ణ కాంతిలో సూర్యుడు

షార్టువేవు ప్రసారము పట్టపగలు ఒక్కొక్కప్పుడు హఠాత్తుగా వినరాకుండ పోవును. రేడియో వారమగు మేము మొదట యంత్రములనే శంకింతుము. కాని దోషము సూర్యునిదే కావచ్చును. అతని వాతావరణమున సౌరజ్వాల చెలరేగినపుడు వెలువడు ఎక్స్‌కిరణములు సుమారు 8 నిమిషములలో భూమిని చేరి అయనావరణపు అడుగు పొరను మార్చును. ఆ పొర మన తరంగములను మ్రింగివేయును. కావున ఆ వాతావరణమును నిత్యము కనిపెట్టియుండుట కేవలము శాస్త్రజ్ఞుల వేడుక కాదు.

కాని చూచుట యెట్లు? సూర్యబింబపు మిరుమిట్లలో దానిపై నున్న పలుచని వాయువు కానరాదు. పూర్వము సంపూర్ణ గ్రహణ సమయమున లభించు కొద్ది నిమిషములే గతి. 1868 ఆగస్టు 18న అట్టి గ్రహణమును ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ మన గుంటూరులో పరిశీలించెను. బింబపు అంచున ఎగసిన వాయుశిఖల కాంతిని వర్ణపటదర్శినితో విడదీయగా, ఇంద్రధనుస్సునందువలె అన్ని రంగులును గాక, కొన్ని ప్రకాశరేఖలే కనబడెను. మఱునాడు గ్రహణము లేకయే అవి ఆయనకు మరల గోచరించెను. కారణము సులభము: ఆకాశపు వెలుగు అన్ని రంగులలోను పరచుకొని పలుచనగును, వాయువు వెలుగు కొన్ని రేఖలయందే కుదురుకొని నిలుచును.

ఒకే రేఖను ఏరుకొని బింబమంతటిని చిత్రించు యంత్రమును 1890 దశకపు ఆరంభమున అమెరికాలో హేల్, ఫ్రాన్సులో డెలాండ్ర్ వేర్వేరుగా సాధించిరి. ఇందు మొదటి చీలిక సూర్యబింబమునుండి సన్నని పట్టీని మాత్రము లోనికి పంపును. పట్టకము దాని కాంతిని విడదీయును. రెండవ చీలిక ఒక్క రేఖనే ఛాయాఫలకముపైకి వదలును. బింబము మొదటి చీలికపై జరుగుచుండగా ఫలకమును దానికి తగినట్లు జరుగును. పట్టీ వెంట పట్టీ చేరి పూర్ణచిత్ర మేర్పడును. కొడైకెనాల్ వేధశాలలో 1904 నుండి కాల్షియము ఊదారేఖలోను, 1912 నుండి హైడ్రోజను ఎఱ్ఱరేఖలోను ఇట్టి చిత్రములు తీసిరి. ఆ రేఖల తరంగదైర్ఘ్యములు వరుసగా 3934, 6563 ఆంగ్‌స్ట్రాములు.

హైడ్రోజను చిత్రమున ఒక వింత కలదు. అంచునందు తోరణమువలె వెలుగు వాయువే, సూర్యభ్రమణముచే బింబము మీదికి వచ్చినపుడు నల్లని నూలుపోగువలె కనబడును. ఆ వాయువు అడుగునుండి వచ్చు కాంతిని గ్రహించి నలుదెసల చెదరగొట్టును. అందుచే చీకటి ఆకాశము వెనుక నున్నపుడు వెలుగుచును, ప్రకాశబింబము వెనుక నున్నపుడు నల్లగను తోచును. ఇట్టి పోగులు వారముల తరబడి నిలిచి, ఒకనాడు హఠాత్తుగా అంతరిక్షములోనికి ఎగయుటయు కలదు. ఆ వాయువు భూమివైపు వచ్చినచో కొలది దినములలోనే అయస్కాంత తుఫాను కలుగవచ్చును.

2023లో మన దేశము పంపిన ఆదిత్య-ఎల్1 నౌకయందును రంగులను వడగట్టి సూర్యుని చిత్రించు దూరదర్శిని కలదు. నాడు గ్రహణమునకై కాచుకొని చూడవలసిన దృశ్యమును నేడు ప్రతిదినము చూడగలుగుచున్నాము.