రోజుకు ఇరవై సెకన్లు

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో చాలా ఇళ్ళలో పాత బీరువా లాకరు తెరిస్తే, ఇంటి దస్తావేజుల కిందో నగల డబ్బా పక్కనో ఒక వాచీ కనిపిస్తుంది. హెచ్చెమ్టీ కాంచన్ అయితే అది అల్లుడికి పెట్టిన పెళ్ళివాచీ అయి ఉంటుంది. సీకో 5 అయితే గల్ఫు నుంచో, ఓడ ఉద్యోగం నుంచో సెలవుకు వచ్చిన మేనమామ తెచ్చి ఉంటాడు. తాతగారు పోయాక మనవడు దాన్ని బయటికి తీసి నాలుగుసార్లు ఊపుతాడు. పదేళ్ళుగా ఆగిపోయిన సెకన్ల ముల్లు కదులుతుంది. ఇల్లంతా సంబరం. మర్నాడు ఫోనుతో పోల్చి చూస్తే నిమిషం తేడా! ‘పాడైపోనాదిరా’ అని పెద్దవాళ్ళెవరో తేల్చేస్తారు. వాచీ మళ్ళీ లాకర్లోకి పోతుంది.

ఆ తీర్పు చాలాసార్లు తప్పు. ఒక్కరోజు తేడాను బట్టి ఆటోమేటిక్ వాచీ గుణం తెలియదు.

ముందు అంకెలు చూద్దాం. రోజుకు 86,400 సెకన్లు. ఇరవై సెకన్లు ఫాస్టుగా నడిచే వాచీ చేసే పొరపాటు అందులో 4,320వ వంతు. స్విట్జర్లాండులో క్రోనోమీటర్ అన్న బిరుదు ఇవ్వడానికి వాచీ మిషన్ను పదిహేను రోజులపాటు, ఐదు భంగిమల్లో, మూడు ఉష్ణోగ్రతల్లో పరీక్షిస్తారు. సగటున రోజుకు 4 సెకన్లు వెనకబడటం నుంచి 6 సెకన్లు ముందుకెళ్ళడం దాకా వాళ్ళు ఒప్పుకుంటారు. అది ఖరీదైన సరుకు లెక్క. మన చేతులకు ఎక్కువగా అలవాటైన సీకో 5 సంగతి వేరు. 1996లో వచ్చిన దాని 7ఎస్26 మిషనుకు కంపెనీ చెప్పిన హద్దు రోజుకు 20 సెకన్లు స్లో నుంచి 40 సెకన్లు ఫాస్టు వరకు. అది కూడా కొత్తగా ఉన్నప్పుడు. నలభై ఏళ్ళ నాటి హెచ్చెమ్టీ రజత్ రోజుకు ఇరవై సెకన్లే ముందుంటే దాన్ని మెచ్చుకోవాలి. సెకనుకు 32,768 సార్లు కంపించే క్వార్ట్జ్ పలుకు ఉన్న బ్యాటరీ వాచీ నెలకు పదిహేను సెకన్ల లోపే తప్పుతుంది. స్ప్రింగుతో, చక్రాలతో నడిచే యంత్రాన్ని దానితో పోల్చడం న్యాయం కాదు.

అసలు చూడాల్సింది తేడా ఎంత అని కాదు, తేడా రోజూ ఒకేలా ఉందా అని. రోజూ ఇరవై సెకన్లు కచ్చితంగా ముందుండే వాచీ మంచి వాచీ. ఇవాళ ఐదు సెకన్లు ముందు, రేపు పదిహేను వెనక, ఎల్లుండి సరిగ్గా ఉండేది జబ్బుపడ్డ వాచీ. ఈ సూత్రం మన తీరానికి కొత్త కాదు. మద్రాసు వేధశాలలో టి.జి. టేలర్ దగ్గర ఖగోళశాస్త్రం నేర్చుకుని వచ్చిన గోడే వెంకట జగ్గారావు, 1840లో విశాఖపట్నంలో తన నివాసంలోనే వేధశాల పెట్టుకున్నారు. 1856లో ఆయన కన్నుమూశాక, అల్లుడు అంకితం వెంకట నరసింగరావు ఆ పని అందుకుని 1892లో తాను పోయేదాకా సాగించారు. ఆకాశం చూసి రాబట్టిన సరైన వేళను డాల్ఫిన్స్ నోస్ కొండ మీది జెండా కర్ర ద్వారా ఓడలకు తెలియజేసే ఏర్పాటు ఆ కుటుంబం పూనికే.

ఓడలకు ఆ సంకేతం ఎందుకంత ముఖ్యం? నడిసముద్రంలో రేఖాంశం తెలియాలంటే గడియారమే ఆధారం. నాలుగు నిమిషాల తేడా ఒక డిగ్రీ. నాలుగు సెకన్ల తప్పుకు భూమధ్యరేఖ దగ్గర ఓడ తన స్థానాన్ని ఒక నాటికల్ మైలు, అంటే 1,852 మీటర్లు, అటో ఇటో లెక్కగడుతుంది. అయినా నావికులు సంకేతం చూసిన ప్రతిసారీ క్రోనోమీటరు ముల్లు తిప్పి సరిచేసేవారు కాదు. ఎంత ముందుంది, నిన్నటికీ ఇవాళ్టికీ ఎంత మారింది అని పుస్తకంలో రాసుకునేవారు. రోజువారీ తేడా స్థిరంగా ఉంటే చాలు, మిగతాది కూడికతో తీసివేతతో తేలిపోతుంది. తాతగారి వాచీ విషయంలోనూ సరిగ్గా ఇదే చెయ్యాలి. ఒక వారంపాటు ఒకే వేళకు ఫోనుతో పోల్చి, తేడాను సెకన్లలో రాసుకోవాలి. ఆకాశవాణి వార్తల ముందు వచ్చే ‘పిప్’ శబ్దాలకు ముల్లు కలిపిన తరానికి ఈ అలవాటు కొత్తగా చెప్పనక్కర్లేదు.

ఫోను చూపించే వేళ కూడా మనుషులు ఒప్పందం చేసుకున్నదే. 1906లో అమల్లోకి వచ్చిన భారత ప్రామాణిక కాలం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది. అరసవల్లి దానికి దాదాపు 1.4 డిగ్రీలు తూర్పున ఉంది. కనుక అక్కడి సూర్యుడు సగటున ఐదున్నర నిమిషాలు ముందే నడినెత్తికి వస్తాడు. విజయనగరంలో అది మూడున్నర నిమిషాలకు కాస్త పైన. 1885లో విజయనగరం నడిబొడ్డున గంటస్తంభం కట్టేనాటికి ఇరవై సెకన్ల గురించి దిగులుపడే మనిషి ఊళ్ళో ఉండి ఉండడు.

ఇక వాచీ లోపలికి వెళదాం. మూత తీయగానే అర్ధచంద్రాకారంలో బరువైన లోహపు ముక్క కనిపిస్తుంది. అదే రోటరు. చెయ్యి కదిలినప్పుడల్లా తిరిగి మెయిన్ స్ప్రింగును చుడుతుంది. చేతి వాచీలో ఈ పద్ధతికి 1920లలో ఆంగ్లేయుడు జాన్ హార్వుడ్ పేటెంటు తీసుకున్నాడు. స్ప్రింగు బలం చక్రాల గుండా వెళ్ళి చివర బ్యాలెన్స్ చక్రాన్ని ఉయ్యాలలా అటూ ఇటూ ఊపుతుంది. దాన్ని ప్రతిసారీ వెనక్కి లాగేది వెంట్రుక కన్నా సన్నని హెయిర్ స్ప్రింగు. హెచ్చెమ్టీ ఆటోమేటిక్, సీకో 5 వంటివి గంటకు 21,600 సార్లు, అంటే సెకనుకు ఆరుసార్లు కొట్టుకుంటాయి. రోజుకు 5,18,400. ఆగకుండా ఐదేళ్ళు నడిస్తే సుమారు 95 కోట్లు. అంత పని చేసే యంత్రంలో నూనె చుక్క ఎండిపోదని ఎలా అనుకుంటాం?

ఆటోమేటిక్ అనే పేరు చూసి చాలామంది మోసపోతారు. ఆ వాచీకి బలం పెట్టుకున్నవాడి కదలికే. బడికి సైకిలు తొక్కుకుంటూ వెళ్ళి రోజంతా బోర్డు మీద రాసిన మాస్టారి చేతికి సరిగ్గా నడిచిన వాచీ, ఆయన రిటైరై పడక్కుర్చీలో కూర్చున్నాక తెల్లవారేసరికి ఆగిపోతుంది. అది వాచీ తప్పు కాదు. స్ప్రింగు పూర్తిగా చుట్టుకుంటే ఇవి నలభై గంటలకు అటూ ఇటూగా నడుస్తాయి. సగమే చుట్టుకుంటే బ్యాలెన్స్ ఊపు తగ్గి వేళ కూడా మారుతుంది. సీకో 5 పాత రకాల్లో చాలావాటికి కీ ఇవ్వడం కుదరదు. పొద్దున్నే పెట్టుకునే ముందు అరనిమిషంపాటు మెల్లగా గుండ్రంగా ఊపాలి.

ఫాస్టు, స్లోలకు కారణాలు ఒకటి రెండు కాదు గానీ, పాత వాచీల్లో ముందు అనుమానించాల్సింది ఎండిన నూనెను. దాని తర్వాత అయస్కాంతాన్ని. ఉన్నట్టుండి రోజుకు నాలుగైదు నిమిషాలు ఫాస్టు అవుతోందంటే స్పీకరు పక్కనో, అయస్కాంతపు మూత ఉన్న ఫోను కవరు మీదో పెట్టారేమో గుర్తు చేసుకోవాలి. హెయిర్ స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అంటుకుంటే స్ప్రింగు పొట్టిదైనట్టే, వాచీ పరుగెడుతుంది. మామూలు దిక్సూచి దగ్గరికి తెస్తే దాని ముల్లు ఊగుతుంది. అప్పుడు వాచీ విప్పనవసరం లేదు. అయస్కాంతం తీసే చిన్న పరికరం షాపులో ఉంటుంది, క్షణాల్లో పని అయిపోతుంది. ఈ చిన్న సంగతి తెలియక సర్వీసింగుకు డబ్బు పోసేవాళ్ళను చూస్తే బాధేస్తుంది.

మూడో శత్రువు మన వాతావరణం. భీమిలి నుంచి ఇచ్ఛాపురం దాకా ఉప్పుగాలి, చెమట. పాత వాచీ వెనక నీరు చొరబడదని రాసి ఉంటుంది, కానీ ఆ మాట కొత్త రబ్బరు రింగు ఉన్నప్పటిది. నలభై ఏళ్ళలో ఆ రింగు గట్టిపడి పగిలిపోతుంది. కీ కడ్డీ వెంట చెమట దిగి ముందు దాన్నే తుప్పు పట్టిస్తుంది. అద్దం లోపల పొగమంచులా తేమ కనిపిస్తే ఎండలో పెట్టి ఊరుకోకూడదు. అదే రోజు మూత తీయించాలి. తుప్పు ఒక్కసారి పళ్ళ చక్రాలకు ఎక్కితే దాన్ని దించడం ఎవరి తరమూ కాదు.

సర్వీసింగు అంటే ఏమిటో దగ్గరగా చూస్తే దాని ధర మీద బేరం ఆడాలనిపించదు. కంటికి భూతద్దం బిగించుకున్న మెకానిక్ ముందు రోటరు విప్పుతాడు. మెయిన్ స్ప్రింగు బలాన్ని అదుపుగా వదులుతాడు. లేకపోతే పళ్ళు విరుగుతాయి. తర్వాత బ్యాలెన్స్, ఆపైన చక్రాలు ఒక్కొక్కటే గాజు గిన్నెలోకి దిగుతాయి. మన ఊళ్ళలో పాతకాలం నుంచీ పెట్రోలుతోనే కడుగుతారు, ఇప్పుడు ప్రత్యేక ద్రావకాలూ ఉన్నాయి. ఇరుసులు తిరిగే ఎర్రరాళ్ళ రంధ్రాల్లోకి పుల్లను సూదిలా చెక్కి తిప్పితే నల్లటి జిడ్డు బయటికి వస్తుంది. ఆ పుల్ల తెల్లగా తిరిగి వచ్చేదాకా తిప్పుతూనే ఉండాలి. అసలు నేర్పు ఆ తర్వాతి నూనెలో ఉంది. బరువు మోసేచోట చిక్కటిది, వేగంగా తిరిగేచోట పలచటిది. బ్యాలెన్స్ మీది మూతరాయి మీద రాయి అంచు దాటని చుక్క. హెయిర్ స్ప్రింగుకు చుక్క కూడా తగలకూడదు. మెయిన్ స్ప్రింగు డబ్బా గోడకు మాత్రం ప్రత్యేకమైన గ్రీజు. ఆటోమేటిక్ వాచీలో స్ప్రింగు నిండాక దాని కొస ఆ గోడ మీద జారాలి, లేకపోతే రోటరు చుడుతూనే ఉంటే తెగిపోతుంది.

మూత తీసి పైనుంచి రెండు చుక్కలు నూనె వేసి ‘సర్వీసింగు అయిపోయింది’ అనే పద్ధతి ఒకటుంది. వాచీ ఆ రోజుకు నడుస్తుంది. కొత్త నూనె పాత జిడ్డుతో కలిసి, కొద్ది నెలల్లో రాళ్ళనూ ఇరుసులనూ అరగదీస్తుంది. అందుకే ‘మిషను మొత్తం విప్పి కడుగుతారా?’ అని ముందే అడగాలి. టైమింగ్ మెషిను ఉందా అని కూడా. వాచీ చప్పుడు విని తేడాను సెకన్లలో చూపించే ఆ పరికరం బ్యాలెన్స్ ఊపును కూడా డిగ్రీల్లో చెబుతుంది. స్ప్రింగు నిండా ఉండి, వాచీని వెల్లకిలా పెట్టినప్పుడు ఊపు 270 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటే ఆరోగ్యం. 200 దాటకపోతే లోపల ఇంకా ఏదో పట్టేస్తోందని అర్థం. అలాంటి వాచీకి ప్లస్, మైనస్ గుర్తుల దగ్గరున్న మీట జరిపి వేళ కుదర్చడం జ్వరానికి థర్మామీటరు దాచెయ్యడమే.

విడిభాగాల సంగతి ఇంకా కష్టం. 1961లో జపాను సిటిజన్ సాయంతో బెంగళూరులో మొదలైన హెచ్చెమ్టీ వాచీల కంపెనీని మూసెయ్యాలని 2016లో కేంద్రం నిర్ణయించింది. సీకోతో చెయ్యి కలిపి 1980లలో వాచీలు చేసిన మన హైదరాబాదు ఆల్విన్ అంతకు ముందే కనుమరుగైంది. ఇప్పుడు ఒక వాచీ బతకాలంటే చచ్చిపోయిన ఇంకో వాచీ భాగాలివ్వాలి. కాబట్టి ఇంట్లో మూలపడ్డ విరిగిన వాచీని పారెయ్యకూడదు. ఆన్‌లైన్లో చవగ్గా దొరికే మెరిసే పాత వాచీలనైతే అనుమానించాలి. ముంబైలో డయలుకు కొత్త రంగులు పూసి, నాలుగు వాచీల భాగాలు ఒకే డబ్బాలో బిగించి అమ్మేవి వాటిలో బోలెడు. తాతగారి వాచీ డయలు మీది మచ్చ అలాగే ఉండనివ్వడం మేలు.

సర్వీసింగు అయి ఇంటికొచ్చాక పని మళ్ళీ పుస్తకంతోనే. అయితే ముందు ఒక జాగ్రత్త: రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారుజాము మూడు వరకు తేదీ, వారం మార్చకూడదు. ఆ వేళ లోపలి పళ్ళు తేదీ చక్రాన్ని పట్టుకుని ఉంటాయి, బలవంతంగా తిప్పితే విరుగుతాయి. మొదటి వారం మామూలుగా పెట్టుకుని తేడా రాసుకోవాలి. రోజూ పది సెకన్లు ఫాస్టు వస్తోందనుకుందాం. షాపుకు పరుగెత్తే ముందు రాత్రిపూట వాచీని పెట్టే తీరు మార్చి చూడాలి. భూమి ఆకర్షణ వల్ల వెల్లకిలా పడుకోబెట్టిన వాచీ ఒకలా, కీ పైకి ఉండేలా నిలబెట్టింది ఇంకోలా నడుస్తాయి. మూడు రాత్రులు ఒక తీరు, మూడు రాత్రులు ఇంకో తీరు పెట్టి అంకెలు పోలిస్తే, పగలు పోగైన సెకన్లను ఏ భంగిమ తిరిగి ఇచ్చేస్తోందో తెలిసిపోతుంది. ఏ భంగిమా సాయం చెయ్యకపోతే అప్పుడు ఆ కాగితం పట్టుకుని మెకానిక్ దగ్గరికి వెళ్ళాలి. ప్లస్, మైనస్ మీటను ఎటువైపు, ఎంత జరపాలో ఆయనకు ఆ అంకెలే చెబుతాయి.