ఒత్తిడి హార్మోన్లు – శరీర బరువు: ఒక శాస్త్రీయ పరిశీలన

వ్యాససంగ్రహం:

మానసిక ఒత్తిడి వల్ల బరువు పెరుగుతుందన్న మాట తరచుగా వినిపిస్తుంది. అందులో నిజమెంత, ఆ ప్రభావం ఏ మార్గాల్లో పనిచేస్తుంది, దానిని అదుపులో ఉంచుకోవడానికి ఆధారమున్న ఉపాయాలేవి అనే మూడు ప్రశ్నలకు సమాధానం వెతకడం ఈ వ్యాసం ఉద్దేశం. కార్టిసాల్ హార్మోను స్వభావాన్ని, ఆకలి, కొవ్వు, నిద్రలతో దానికి గల సంబంధాన్ని, ప్రధాన పరిశోధనల ఫలితాలను, వాటి పరిమితులను ఇందులో వివరించడం జరిగింది.

కీలకపదాలు: ఒత్తిడి, కార్టిసాల్, అధివృక్క గ్రంథులు, స్థూలకాయం, ఉదరకొవ్వు, నిద్ర, జీవనశైలి.

1. ఉపోద్ఘాతం:

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో 36.3 శాతం, తెలంగాణ స్త్రీలలో 30.1 శాతం అధిక బరువు లేదా స్థూలకాయంతో ఉన్నారు. ఇంత విస్తృతమైన సమస్యకు సమాజం సాధారణంగా ఇచ్చే సలహా ఒక్కటే: తక్కువ తినాలి, ఎక్కువ నడవాలి. సలహా తప్పు కాదు. అయితే పాటించలేని వ్యక్తిని సోమరిగా, నిగ్రహం లేనివారిగా ముద్రవేయడం దాని వెంటే వస్తుంది. మరోవైపు పొట్ట పెరగడానికి కారణం కార్టిసాలేనని చెప్పి, దానిని తగ్గిస్తామంటూ మాత్రలు, పొడులు అమ్మే వ్యాపారమూ పెరుగుతోంది. మొదటి వైఖరి శరీరధర్మాన్ని విస్మరిస్తుంది. రెండవది దానిని అతిశయోక్తిగా మారుస్తుంది. ఈ రెండింటి నడుమ శాస్త్రం నిజంగా ఏమి చెబుతున్నదో పరిశీలించవలసి ఉంది.

2. ఒత్తిడి భావన – చారిత్రక నేపథ్యం:

ప్రమాదం ఎదురైనప్పుడు జంతువు పోరాటానికో పలాయనానికో సిద్ధమవుతుందని, అందుకు అడ్రినలిన్ తోడ్పడుతుందని అమెరికన్ శరీరధర్మ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915లో ప్రతిపాదించాడు. 1936లో హాన్స్ సెల్యే ‘నేచర్’ పత్రికలో ప్రచురించిన చిన్న లేఖ ఈ ఆలోచనను ముందుకు తీసుకువెళ్లింది. చలి, గాయం, విషపదార్థం వంటి భిన్నమైన బాధలకు గురైన ఎలుకలన్నింటిలోనూ అధివృక్క గ్రంథులు ఉబ్బడం, థైమస్ గ్రంథి కుంచించుకుపోవడం, జీర్ణాశయంలో పుండ్లు ఏర్పడడం అతడు గమనించాడు. బాధ ఏదైనా శరీరం ప్రతిస్పందించే తీరులో ఒక సామాన్య లక్షణం ఉందన్నది అతని నిర్ణయం. అధివృక్క వల్కలపు హార్మోన్లపై చేసిన కృషికి కెండాల్, రైక్‌స్టైన్, హెంచ్‌లకు 1950లో నోబెల్ బహుమతి లభించింది.

3. కార్టిసాల్ స్రావ విధానం:

మెదడు ఒక పరిస్థితిని ముప్పుగా గుర్తించగానే రెండు వ్యవస్థలు కదులుతాయి. మొదటిది నాడీ మార్గం. దీని ద్వారా అధివృక్క గ్రంథుల దవ్వ నుండి క్షణాల్లో అడ్రినలిన్ విడుదలై గుండె వేగాన్ని, రక్తపోటును పెంచుతుంది. రెండవది హార్మోన్ల మార్గం. హైపోథాలమస్ పీయూష గ్రంథిని, పీయూష గ్రంథి అధివృక్క వల్కలాన్ని ప్రేరేపించగా నిమిషాల వ్యవధిలో కార్టిసాల్ స్రవిస్తుంది. కాలేయంలో గ్లూకోజు ఉత్పత్తిని పెంచి, శరీరానికి కావలసిన శక్తిని అందుబాటులో ఉంచడం దీని ముఖ్యమైన పని. తగినంత కార్టిసాల్ చేరగానే అది మెదడును తిరిగి శాంతపరుస్తుంది. ఈ ప్రతికూల పునశ్చరణ వల్లనే వ్యవస్థ అదుపులో ఉంటుంది.

కార్టిసాల్‌కు ఒక దినచర్య ఉంది. నిద్ర లేచిన కొద్దిసేపటికి అది గరిష్ఠ స్థాయికి చేరి, క్రమంగా తగ్గుతూ అర్ధరాత్రి ప్రాంతంలో కనిష్ఠమవుతుంది. అందువల్ల ఈ హార్మోను దానంతట అది శత్రువు కాదు. అది లేకపోతే మనుగడే కష్టం. ముప్పు తొలగినా మెదడు శాంతించకపోవడం, రాత్రివేళ తగ్గవలసిన స్థాయి తగ్గకపోవడం అసలు సమస్యలు.

4. బరువుపై ప్రభావం చూపే మార్గాలు:

4.1 ఆకలి: తక్షణ ఒత్తిడిలో ఆకలి మందగిస్తుంది. పరీక్ష హాలు ముందు నిలబడిన విద్యార్థికి అన్నం సహించకపోవడం ఇందుకు ఉదాహరణ. దీర్ఘకాలిక ఒత్తిడిలో పరిస్థితి తారుమారు కావచ్చు. ఎలిసా ఎపెల్ బృందం 2001లో 59 మంది స్త్రీలపై జరిపిన ప్రయోగంలో, ఒత్తిడికి కార్టిసాల్ ఎక్కువగా స్రవించినవారు ఒత్తిడి కలిగించిన రోజున తక్కినవారికంటే ఎక్కువ కేలరీలు తిన్నారు. తీపి, కొవ్వు ఎక్కువగా ఉన్న ఆహారం మెదడులోని ఒత్తిడి స్పందనను కొంత తగ్గిస్తుందని 2003లో మేరీ డాల్‌మన్ బృందం వాదించింది. ఈ వాదన ప్రకారం దిగులుగా ఉన్నప్పుడు మిఠాయి వైపు చేయి పోవడానికి నిగ్రహలోపం ఒక్కటే కారణం కాదు. తాత్కాలికంగా ఉపశమనం దొరికినందువల్లనే అది అలవాటుగా స్థిరపడుతుంది.

4.2 కొవ్వు చేరే చోటు: కార్టిసాల్, ఇన్సులిన్ రెండూ అధికంగా ఉన్నప్పుడు ఉదరాంతర్భాగంలో కొవ్వు నిల్వ కావడానికి అవకాశం ఎక్కువ. 1912లో హార్వీ కుషింగ్ వర్ణించిన వ్యాధి దీనికి స్పష్టమైన నిదర్శనం. కార్టిసాల్ మితిమీరిన ఆ రోగులలో ముఖం గుండ్రంగా మారి, పొట్ట పెరిగి, కాళ్లూ చేతులూ సన్నబడతాయి. ఇది చాలా అరుదైన వ్యాధి కాబట్టి మామూలు స్థూలకాయాన్ని దీనితో సమానం చేయరాదు. నిష్క్రియమైన కార్టిసోన్‌ను కార్టిసాల్‌గా మార్చే ఒక ఎంజైము కొవ్వు కణజాలంలోనే ఉంది. 2001లో ఆ ఎంజైమును కొవ్వు కణాలలో అధికం చేసిన ఎలుకలకు రక్తంలో కార్టిసాల్‌ వంటి హార్మోను స్థాయి పెరగకుండానే పొట్ట పెరిగింది. రక్తపరీక్ష చెప్పని విషయం కణజాలంలో జరుగుతూ ఉండవచ్చని ఈ ప్రయోగం సూచించింది.

4.3 నిద్ర: ఒత్తిడి నిద్రను చెరుస్తుంది, నిద్రలేమి ఒత్తిడిని పెంచుతుంది. 2004లో స్పీగెల్ బృందం 12 మంది యువకులను రెండు రాత్రులు నాలుగేసి గంటలు, మరొకసారి పదేసి గంటలు పడకపై ఉంచి పోల్చింది. నిద్ర తగ్గినప్పుడు తృప్తినిచ్చే లెప్టిన్ 18 శాతం తగ్గి, ఆకలి పుట్టించే గ్రెలిన్ 28 శాతం పెరిగింది. ప్రయోగం చిన్నదే అయినా, అర్ధరాత్రి దాకా మేలుకొని చదివేవారికి, రాత్రి పాళీ ఉద్యోగులకు ఇది గమనించదగిన విషయం.

5. ఆధారాలు – పరిమితులు:

ఇంగ్లాండులో 54 ఏళ్లు, ఆపైబడిన 2,527 మంది వెంట్రుకలను పరిశీలించిన 2017 నాటి అధ్యయనంలో, దీర్ఘకాలిక కార్టిసాల్ స్థాయికి, బరువు, నడుము చుట్టుకొలతలకు అనులోమ సంబంధం కనిపించింది. రెండు సెంటీమీటర్ల వెంట్రుక సుమారు రెండు నెలల స్రావాన్ని సూచిస్తుంది. అయితే ఒత్తిడి వల్ల బరువు పెరిగిందా, బరువు వల్ల కార్టిసాల్ పెరిగిందా అన్నది ఇటువంటి అధ్యయనం తేల్చలేదు.

లండన్ ప్రభుత్వోద్యోగులపై జరిగిన ‘వైట్‌హాల్ 2’ పరిశోధన మరొక కోణం చూపింది. ఉద్యోగ ఒత్తిడికి గురైన పురుషులలో ముందే లావుగా ఉన్నవారు మరింత లావయ్యారు, సన్నగా ఉన్నవారు ఇంకా సన్నబడ్డారు. కాబట్టి ఒత్తిడి అందరినీ ఒకే దిశలో నడిపించదు. ఒత్తిడి శూన్యం నుండి కొవ్వును సృష్టించదు. తిండిని, కదలికను, నిద్రను, కొవ్వు చేరే చోటును మార్చడం ద్వారానే అది ఎక్కువగా పనిచేస్తుంది.

6. భారతీయుల విషయంలో ప్రత్యేకత:

పుణెకు చెందిన వైద్య పరిశోధకుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, బ్రిటన్‌కు చెందిన జాన్ యుడ్‌కిన్ 2004లో తమ శరీరాలనే పోల్చి చూపారు. ఇద్దరి శరీర ద్రవ్యరాశి సూచిక 22.3 మాత్రమే. శరీరంలోని కొవ్వు మాత్రం యుడ్‌కిన్‌లో 9.1 శాతం, యాజ్ఞిక్‌లో 21.2 శాతం. సన్నగా కనిపించే భారతీయుడిలోనూ కొవ్వు దాగి ఉండవచ్చని దీని అర్థం. అందువల్ల తూకం కంటే నడుము కొలత ఎక్కువ సమాచారమిస్తుంది. దక్షిణాసియా పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లను హద్దుగా పరిగణిస్తారు.

7. నియంత్రణ మార్గాలు:

నిద్ర: పెద్దలకు రాత్రి కనీసం ఏడు గంటల నిద్ర అవసరం. నిర్ణీత వేళకు పడుకోవడం, లేవడం కార్టిసాల్ దినచర్యను నిలబెడుతుంది.

శారీరక శ్రమ: వారానికి 150 నుండి 300 నిమిషాల మధ్యస్థ శ్రమను ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నది. తీవ్ర వ్యాయామ సమయంలో కార్టిసాల్ తాత్కాలికంగా పెరిగినా, క్రమబద్ధమైన నడక నిద్రకు, ఇన్సులిన్ పనితీరుకు మేలు చేస్తుంది.

ధ్యానం, యోగ: 2011లో 47 మంది స్త్రీలపై జరిగిన ప్రయోగంలో ధ్యాన శిక్షణ పొందిన బృందం మొత్తంగా రెండవ బృందంకంటే ఎక్కువ బరువు తగ్గలేదు. కాని ఉదయపు కార్టిసాల్ స్పందన తగ్గినవారిలో ఉదరకొవ్వు కూడా తగ్గింది. ధ్యానాన్ని బరువు తగ్గించే మందుగా కాక, ఆకలికి, దిగులుకు మధ్య తేడా గుర్తించే సాధనగా చూడడం సమంజసం.

ఆహారం: భోజనం మానడం, కఠిన ఉపవాసాలు కూడా శరీరానికి ఒత్తిడే. వేళకు తినడం, పప్పు, కూరగాయలు, చిరుధాన్యాల పాలు పెంచడం, సాయంత్రం తర్వాత కాఫీ, టీ మానడం మేలు.

ఔషధాల విషయంలో జాగ్రత్త: అశ్వగంధపై జరిగిన చిన్న ప్రయోగాలు కొన్ని కార్టిసాల్ తగ్గుదలను చూపినా, అది బరువు తగ్గిస్తుందని రుజువు కాలేదు. అరుదుగా కాలేయానికి హాని జరిగిన సందర్భాలూ నమోదయ్యాయి. కీళ్లవాతం, ఆస్తమా వంటి వ్యాధులకు స్టెరాయిడ్లు దీర్ఘకాలం వాడేవారిలో బరువు పెరగవచ్చు. అయితే వాటిని హఠాత్తుగా మానితే ప్రాణాపాయం కలగవచ్చు కనుక వైద్యుని సలహాతోనే క్రమంగా తగ్గించుకోవాలి. ముఖం ఉబ్బడం, చర్మంపై ఊదారంగు చారలు, కండరాల బలహీనత కనిపిస్తే పరీక్ష తప్పనిసరి.

8. ముగింపు:

ఒత్తిడి హార్మోన్లు శరీర బరువుపై ప్రభావం చూపుతాయన్నది వాస్తవం. ఆ ప్రభావం ఎక్కువగా పరోక్షమైనది, వ్యక్తిని బట్టి మారేది. కార్టిసాల్‌ను ఒక్కదానినే లక్ష్యంగా చేసుకునే చికిత్సలకు సాధారణ స్థూలకాయంలో తగిన ఆధారం లేదు. ఒత్తిడికి మూలాలు చాలావరకు వ్యక్తి వెలుపల ఉంటాయి: అనిశ్చిత ఉద్యోగం, ఎడతెగని పనివేళలు, ఇంటా బయటా భారం మోయవలసి రావడం. కాబట్టి వ్యక్తి అలవాట్లు మార్చుకోవడం ఎంత అవసరమో, ఆ మార్పునకు సమయాన్ని మిగిల్చే పని పరిస్థితులు కల్పించడం సంస్థలకూ అంతే అవసరం. స్థూలకాయాన్ని నిందతో కాక అవగాహనతో చూడడానికి హార్మోన్ల శాస్త్రం ఈ విధంగా తోడ్పడుతుంది.