మన తలపైని కప్పు – ఓజోన్ పొర



నేటి జుమా ఖుత్బాలో కంటికి కనిపించని ఒక దైవానుగ్రహాన్ని గురించి, మానవుని చేతులారా దానికి కలిగిన హానిని గురించి తెలుసుకుందాం.

పాలకీడు పొలాలలో మండుటెండలో నాటు వేసే కూలీకి సూర్యకిరణాలు నేరుగా తన తలపైనే పడుతున్నట్లు తోస్తుంది. నిజానికి అవి వడగట్టబడి వస్తున్నాయి. భూమికి దాదాపు 15 నుండి 35 కిలోమీటర్ల ఎత్తున ఓజోన్ అనే వాయువు ఆవరించి ఉంది. కళ్లలో శుక్లాలకు, చర్మ క్యాన్సరుకు కారణమయ్యే, పైరును సైతం దెబ్బతీసే అతినీలలోహిత కిరణాలలో అధిక భాగాన్ని అది అడ్డుకుంటుంది. ఆ ఓజోన్‌నంతటినీ నేలమట్టానికి దించి పరిస్తే దాని మందం సుమారు 3 మిల్లీమీటర్లు మాత్రమే! అంబియా సూరాలో ఆకాశం కప్పుగా ప్రస్తావించబడిన విషయం మీకు తెలిసిందే. ఆ ఆయతు ఓజోన్‌ను గురించే అవతరించిందని వాదించడం మన పని కాదు. కానీ కప్పు కింద నివసించేవారికి దాని పట్ల బాధ్యత ఉంటుంది కదా!

ఫ్రిజ్‌లలో, ఏసీలలో, స్ప్రే డబ్బాలలో వాడిన క్లోరోఫ్లోరోకార్బన్లు ఈ పొరను హరిస్తాయని 1974లో మోలినా, రోలండ్ అనే శాస్త్రవేత్తలు హెచ్చరించారు. ఈ వాయువులు పైకి చేరి విచ్ఛిన్నమైనపుడు వెలువడే ఒక్క క్లోరిన్ పరమాణువు వేలాది ఓజోన్ అణువులను నశింపజేస్తుంది. 1985లో అంటార్కిటికాపై ఓజోన్ తీవ్రంగా క్షీణించినట్లు బ్రిటిష్ శాస్త్రవేత్తలు ప్రకటించారు.

ఇదంతా ఎక్కడో జరిగిన సంగతి అనుకోకండి. 1987లో, మళ్లీ 1990లో హైదరాబాదులోని టాటా సంస్థ బెలూన్ కేంద్రం నుండి భారత, జర్మనీ శాస్త్రవేత్తలు భారీ బెలూన్లను ఎగురవేసి, వేర్వేరు ఎత్తులలోని గాలిని పాత్రలలో పట్టి తెచ్చారు. మన నెత్తిమీది గాలిలోనూ ఆ వాయువులు కనిపించాయి. అప్పటికి మన పల్లెలలో ఫ్రిజ్ ఉన్న ఇల్లు ఎంత అరుదో పెద్దలకు గుర్తుండే ఉంటుంది. ఒకరు వదిలినది మరొకరి కప్పుకు చేరిందన్నమాట.

ఆ 1987లోనే, సెప్టెంబరు 16న మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. భారతదేశం వెంటనే చేరలేదు. నష్టం ప్రధానంగా సంపన్న దేశాల వల్ల కలిగినపుడు మార్పు ఖర్చును పేద దేశాలెందుకు మోయాలని ప్రశ్నించింది. అది న్యాయమైన ప్రశ్నే. 1990లో లండనులో సహాయనిధికి అంగీకారం కుదిరాక, 1992లో మనదేశం చేరింది. 2010 నాటికి, ఉబ్బసం మందు వంటి మినహాయింపులు తప్ప, ఆ వాయువులను నిలిపివేసింది. ఇదే తీరు కొనసాగితే ప్రపంచంలో అత్యధిక ప్రాంతాలపై 2040 నాటికి, అంటార్కిటికాపై 2066 నాటికి ఓజోన్ 1980 నాటి స్థాయికి చేరగలదని శాస్త్రవేత్తల అంచనా.

సోదరులారా! పాత ఏసీలలో ఆర్-22 అనే వాయువు ఇంకా ఉంది. దాని హాని తక్కువే గానీ లేకపోలేదు. 2030 నాటికి దానిని దాదాపుగా తొలగించవలసి ఉంది. కోదాడ, మిర్యాలగూడ వంటి పట్టణాలలో ఏసీ, ఫ్రిజ్ మరమ్మతుతో జీవనోపాధి పొందే సోదరులు మనలోనూ ఉన్నారు. గొట్టం విప్పి గ్యాసును గాలికి వదలడం నిమిషాల పని. యంత్రంతో సిలిండరులోకి తీయడానికి సమయం, డబ్బు కావాలి. తప్పంతా మెకానిక్‌దే అనలేం. లీకేజీని వెతికి పూడ్చమనకుండా, ఏటా వేసవిలో గ్యాసు నింపించుకునేది మనమే. ఏసీ మీది పట్టీపై వాయువు పేరు రాసి ఉంటుంది. ఆర్-22 అని ఉంటే, ముందు లీకేజీ సరిచేయమని, ఉన్న గ్యాసును సిలిండరులోకి తీయమని అడగండి. ఆ అదనపు కూలి మీరే చెల్లించండి.