తాళానికీ ఎగుమతి నిషేధమా?

భివండీ పద్మనగర్‌లో సాంచాల చప్పుడుకు ఫోనులో మాట వినపడటమే కష్టం. అయినా కూలి చేతికందగానే ఊళ్ళో ఉన్న అమ్మకు మన పిల్లలు ఆ ఫోనులోనే డబ్బు పంపేస్తున్నారు. మనియార్డరు కట్టి, అది కరీంనగర్‌కో నల్లగొండకో చేరేదాకా ఎదురుచూసిన తరం మనది. ఇప్పుడు క్షణంలో చేరే ఆ డబ్బును దారిలో ఎవరూ కాజేయకుండా కాపాడేది ఎన్‌క్రిప్షన్, అంటే రహస్య లిపి. అక్షరాలనూ అంకెలనూ తారుమారు చేసి పంపితే, తాళంచెవి ఉన్నవారే తిరిగి చదవగలరు.

ఈ తాళాన్ని అమెరికా ప్రభుత్వం 1990ల నడిమి దాకా ఆయుధాల జాబితాలో ఉంచిందంటే నమ్ముతారా? తుపాకులలాగే అనుమతి లేకుండా దేశం దాటించకూడదు. విదేశాలకు పంపే సాఫ్ట్‌వేర్‌లో సాధారణంగా 40 బిట్ల తాళమే ఉండాలి. శత్రువుల చేతికి గట్టి తాళం చిక్కితే వారి గుట్టు తెలియదన్నది ప్రభుత్వ భయం. అది ఉత్త భయమేమీ కాదు. కాని మెత్తని తాళం దొంగకూ సులువే కదా! 1997లో ఇయాన్ గోల్డ్‌బర్గ్ అనే బర్క్‌లీ విద్యార్థి 250 కంప్యూటర్లతో 40 బిట్ల తాళాన్ని మూడున్నర గంటల్లో తెరిచి చూపాడు.

అంతకుముందే, 1991లో, ఫిల్ జిమ్మర్‌మన్ పి.జి.పి. అనే గట్టి తాళం తయారుచేసి ఉచితంగా పంచాడు. అది ఇంటర్నెట్‌లో ఎల్లలు దాటింది. 1993లో ఆయనపై దర్యాప్తు మొదలై, 1996 జనవరిలో కేసు లేకుండానే ముగిసింది. ఈలోగా 1995లో ఆ ప్రోగ్రాం మొత్తాన్ని ఎం.ఐ.టి. ప్రెస్ పుస్తకంగా అచ్చువేసింది. డిస్కు దాటకూడదు గాని, పుస్తకం దాటవచ్చు! చివరకు 2000 జనవరిలో ఆంక్షలను చాలావరకు సడలించారు.

నేతవారికి ఇలాంటి కథ కొత్త కాదు. 18వ శతాబ్దంలో ఇంగ్లండు తన వస్త్ర యంత్రాల ఎగుమతిని నిషేధించింది. 1789లో శామ్యూల్ స్లేటర్ నూలు యంత్రాల కిటుకులు తలలో పెట్టుకుని అమెరికా చేరాడు. మరుసటి ఏడే అక్కడ నూలు వడికించాడు. 1843లో ఇంగ్లండు ఆ నిషేధం ఎత్తేసింది. అలా వచ్చిన విద్యతో బాగుపడిన దేశమే రెండు వందల ఏళ్ళకు ఇంకో విద్యకు గడియ పెట్టబోయింది!

మన దేశంలోనూ ఇంటర్నెట్ సంస్థల లైసెన్సుల్లో 40 బిట్ల పరిమితి ఉండేది. అయినా 2001లో రిజర్వు బ్యాంకు ఇంటర్నెట్ బ్యాంకింగుకు కనీసం 128 బిట్లు ఉండాలంది. డబ్బున్న చోట గట్టి తాళం తప్పదు మరి!

అయితే తాళం ఎంత గట్టిదైనా చెవి మన దగ్గరే ఉండాలి. పిన్ నంబరు, ఓటీపీ ఎవరడిగినా చెప్పవద్దని ఇంట్లో పెద్దవాళ్ళకు ఈ రాత్రి భోజనాల దగ్గరే చెప్పండి.