ఖాళీగా విడిచిన గూళ్లు

మేడపై మేడ కట్టదలచిన గృహస్థు నేటికి ఒక్క అంతస్తుతోనే తృప్తిపడినను, స్తంభముల కొనలందలి ఇనుప కమ్ములను కోయక విడిచియుంచును. త్రోవన పోవువారికి అవి తుప్పుపట్టిన కమ్ములే. గృహస్థునకు మాత్రము అవి రేపటి గదులు. కంప్యూటర్లు ఇండ్లలో తొలిసారిగా అడుగిడిన దినములలో వానికిని ఇట్టి కమ్ములుండెడివి.

ఇంగ్లండునందలి కేంబ్రిడ్జి నగరమున ఏకార్న్ అను సంస్థ నిర్మించి, 1981 డిసెంబరులో వెలువరించిన బి.బి.సి. మైక్రో అట్టి యంత్రము. ప్రజలకు కంప్యూటరు విద్య నేర్పవలెనని బి.బి.సి. ప్రసార సంస్థ పూనుకొని, 1982 జనవరిలో టెలివిజన్ పాఠములను ప్రారంభించెను. ఆ పాఠములకు తోడుగా ఇంటను, బడిలోను నిలిచినది ఈ యంత్రమే. ఇది రెండు నమూనాలుగా వచ్చెను. ‘ఏ’ నమూనాయందు మెమరీ 16 కిలోబైట్లు. ‘బి’ నమూనాయందు 32. రెంటికిని లోపలి బోర్డు ఒక్కటే. చవుక నమూనాలో కొన్ని చిప్పులను అమర్చక, వాని స్థానములను ఖాళీగా విడిచిరి.

ఆ లోటు కొన్నవానికి త్వరలోనే తెలియవచ్చెడిది. మిక్కిలి సూక్ష్మమైన బొమ్మలను తెరపై చూపుటకే 20 కిలోబైట్లు కావలెను. పదునారు మాత్రమే గల యంత్రమునకు ఆ బొమ్మలు అందని పండ్లు. ఎనిమిది మెమరీ చిప్పులు కొని తెచ్చి ఖాళీ గూళ్లలో నిలిపినచో మెమరీ రెండింతలగును. ఐనను తెర ఇరువది తీసికొనిన పిమ్మట మిగులునది పండ్రెండే. ప్రోగ్రామును, యంత్రపు స్వంత వ్యవహారమును ఆ పండ్రెండులోనే సర్దుకొనవలెను. కావుననే ఆనాటి విద్యార్థి ఒక్కొక్క బైటును పొదుపరియైన ఇల్లాలు బియ్యము కొలిచినట్లు కొలిచి వాడుట నేర్చుకొనెను.

చిప్పులు అమర్చుట చిన్న పని. కాని భయముతో కూడిన పని. మూత మరలు విప్పవలెను. చిప్పు కొనయందలి చిన్న గంటు ఏ దిక్కునకు ఉండవలెనో చూచుకొనవలెను. సన్నని కాళ్లలో ఒక్కటి వంగినను యంత్రము పలుకదు. అన్నియు సరిగా కూర్చుండి మీట నొక్కినపుడు, నిన్నటి వరకు ‘బి.బి.సి. కంప్యూటర్ 16కె’ అని చూపిన తెర ‘32కె’ అని చూపును. ఆ ఒక్క అంకె మారుటలో కొన్న వస్తువు తన చేతి వస్తువైనదను తృప్తి ఉండెను. నేడు ఆ యంత్రమును తలచుకొనువారు తలచుకొనునది దాని వేగమును కాదు, ఈ తృప్తినే.

ఖాళీలు అంతటితో ముగియలేదు. బేసిక్ భాష గల చిప్పునకు తోడుగా మరి మూడు గూళ్లుండెను. వర్డ్‌వైజ్ వంటి చిప్పు నొకదానిని అందు నిలిపినచో యంత్రము వ్రాతబల్లగా మారును. యంత్రపు అడుగుభాగమున ‘ట్యూబ్’ అను సంధానమార్గము ద్వారా రెండవ ప్రాసెసరునే జోడింపవచ్చును. ఈ మార్గము తుదకు నిర్మాతలకే అక్కరకు వచ్చెను. సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ అనువారు రూపొందించిన కొత్త ప్రాసెసరు 1985 ఏప్రిల్ 26న తొలిసారి పనిచేసినది బి.బి.సి. మైక్రోకు జోడింపబడియే. ఆ ప్రాసెసరు పేరు ఆర్మ్. నేడు మన చేతులలోని మొబైల్ ఫోనులలో పనిచేయుచున్నది దాని సంతతియే.

మన దేశపు బడులకును ఈ యంత్రము వచ్చెను. 1984లో కేంద్ర ప్రభుత్వము ‘క్లాస్’ అను పేర కంప్యూటరు అక్షరాస్యతా పథకమును ప్రారంభించినపుడు ఎన్నుకొనబడిన పాఠశాలలకు పంపబడినది బి.బి.సి. మైక్రోయే. కాని బడి ఆస్తుల పట్టికకెక్కిన వస్తువు మూత విప్పు చనువు ఏ విద్యార్థికిని సులభముగా లభింపదు. ఇంట నున్న యంత్రమునకును, బీరువాచెంత నున్న యంత్రమునకును గల భేదమిదియే.

నలుబది యేండ్లు దాటిన ఈ యంత్రములను కొందరు నేటికిని కాపాడుకొనుచున్నారు. విద్యుత్ పెట్టెలోని కెపాసిటరు పైపొర ముదిమిచే బీటలువారి, మీట నొక్కినంతనే ఘాటైన పొగ వెలువడుట కద్దు. కావున తెలిసినవారు ముందుగా దానిని మార్చి, పిమ్మటనే యంత్రమును మేల్కొల్పుదురు. ఇంగ్లండులోని బ్లెచ్లీ పార్కు నందలి కంప్యూటర్ల మ్యూజియమున బడిపిల్లలు నేటికిని ఈ యంత్రములపై ప్రోగ్రాములు వ్రాయుచున్నారు.

నేటి పెక్కు ల్యాప్‌టాప్‌లలో మెమరీ చిప్పులు బోర్డుకు టంకముతో అతికింపబడియే వచ్చుచున్నవి. అందువలన యంత్రము పలుచనయగును, తేలికయగును, అది లాభమే. కాని రేపటి అవసరమును నేడే ఊహించి కొనలేని పేదవానికి అది నష్టము. లోపల ఏమున్నదో చూడగోరు బాలునకు అది మూసిన తలుపు. 2012లో కేంబ్రిడ్జినుండియే వెలువడిన రాస్ప్‌బెర్రీ పై అను చిన్న కంప్యూటరునకు, బి.బి.సి. మైక్రో స్మృత్యర్థము, ‘ఏ’, ‘బి’ అనియే నమూనాల పేర్లిడిరి. దానియందును మెమరీ అతుకుపడినదే; ఐనను దాని బోర్డుపై తీగలు తగిలించి దీపములు వెలిగించుకొనుటకు పిన్నులు బయటనే యున్నవి. కమ్ములను పూర్తిగా కోసివేయలేదన్నమాట.

ప్రతి బడిలోను మూలగదిలో పనిచేయని కంప్యూటరు ఒక్కటైన నుండును. విద్యుత్తు తీగ ఊడదీసి, విద్యుత్ పెట్టెను తాకనీయక, తక్కిన భాగములను విప్పి చూచుటకు ఒక విద్యార్థికి ఉపాధ్యాయుడు అనుమతి నిచ్చినచో, పట్టికలో ఒక పంక్తి తగ్గవచ్చును. ఆ బాలుని తలలో మాత్రము ఒక ఖాళీ గూడు నిండును.