కొండను తొలిచిన గుడి, ద్రాక్షతోటల ఊరు

ఫ్రాన్స్ దేశంలోని బోర్డో నగరానికి తూర్పున సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, సున్నపురాతి గుట్టపై వెలసిన చిన్న పట్టణం సెంట్ ఎమిలియన్. ఎర్ర వైనుకు ప్రసిద్ధమైనదే అయినా, ఆ రుచి ఎరుగనివారు సైతం చూడదగిన ఊరిది.

8వ శతాబ్దంలో బ్రిటనీ నుండి వచ్చిన ఎమిలియన్ అనే సన్యాసి ఇక్కడి గుహలో నివసించాడని ప్రతీతి. ఆయన పేరే ఊరికి నిలిచినది. తదుపరి కాలంలో కొండనే తొలిచి చర్చిని మలిచారు. పొడవు 38 మీటర్లు, ఎత్తు 12 మీటర్లు. ఎల్లోరా చూచిన పాఠకులు దీనిని సులభంగా ఊహించుకోగలరు.

అయితే ఈ అద్భుతం ప్రమాదానికి అతీతం కాదు. చర్చి నెత్తిన బరువైన గంటగోపురం నిలిచియున్నది. ఆ భారమంతా లోపలి రాతి స్తంభాలదే. నీటి చెమ్మకు సున్నపురాయి బలహీనపడటంతో వాటికి ఉక్కు ఆధారాలు అమర్చవలసి వచ్చినది. మార్గదర్శకుల వెంట మాత్రమే లోనికి ప్రవేశం.

ఊరి క్రింద గనుల నుండి తీసిన రాయి బోర్డో భవనాలకు తరలిపోయినది. మిగిలిన సొరంగాలు నేడు వైను నిలువచేసే చల్లని నేలమాళిగలు.

బాదం, పంచదార, గ్రుడ్డు తెల్లసొనతో చేసే ఇక్కడి మెకరూన్లను 1620లో సన్యాసినులు మొదలుపెట్టారని చెబుతారు. ఎర్ర వైనులో వండే లాంప్రే చేప ఈ ప్రాంతపు ప్రత్యేక వంటకం.

1999లో యునెస్కో ఈ పట్టణాన్ని, చుట్టుప్రక్కల గ్రామాలను, ద్రాక్షతోటలను కలిపి ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినది. వీధులు నిటారు, రాళ్లు నున్నన. గట్టి చెప్పులు ధరించి, ముందుగా చర్చిలోకి దిగండి. తోటలను తరువాత చూడవచ్చును.